తరుగు లెక్క ఎవరు వేస్తారు?

పట్టణ ప్రణాళిక బోధించే ఆచార్యులకు, ఊళ్ల మీద పరిశోధన చేసే విద్యార్థులకు, ఆ శాఖలో ఫైళ్లు చూసే అధికారులకు,

నమస్కారం. నేను మహారాష్ట్రలోని చంద్రపూర్ జిల్లా బల్లార్‌పూర్‌లో కిరాణా దుకాణం నడుపుకుంటున్నాను. జనం తగ్గిపోతున్న మా ఊరి లెక్క ఎవరూ సరిగా వేయడం లేదని ఇంతకుముందు రెండు ఉత్తరాలు రాశాను. ఒకటి మా ఊరికి సర్వేకు వచ్చిన బృందానికి, ఇంకొకటి సంబంధిత కార్యాలయానికి. మొదటిదానికి జవాబు రాలేదు. రెండోదానికి ‘అందినది’ అని ముద్ర వేసిన కాగితం వచ్చింది, అంతే. ఏడాదిన్నర చూశాక, ఇక నలుగురి ముందూ పెడదామని ఈ మూడోది రాస్తున్నాను. ఆ బృందం ఏ సంస్థదో ఇక్కడ చెప్పను. తప్పు ఒక్కరిదే అయితే పేరు రాసేవాణ్నేమో. ఇది మీ విద్య మొత్తానికీ పట్టిన అలవాటని నా అనుమానం.

ముందు ఆ సర్వే సంగతి.

ముగ్గురు పిల్లలు వచ్చారు. మర్యాదస్తులు. చెప్పులు గుమ్మం బయటే విడిచారు, మంచినీళ్లు అడిగి తాగారు. ప్రశ్నలు టాబ్‌లో ఇంగ్లీషులో ఉన్నాయి. వాళ్లలో ఒక అమ్మాయి వాటిని హిందీలోకి మార్చి మా అమ్మను అడిగింది. అమ్మకు డెబ్బై నాలుగేళ్లు. యాభై ఏళ్లుగా ఇక్కడే ఉన్నా ఆమెకు వచ్చిన హిందీ సంతలో బేరానికి సరిపోయేంతే. మరాఠీ అర్థమవుతుంది, జవాబు మాత్రం తెలుగులోనే వస్తుంది. ‘ఇంట్లో ఎంతమంది ఉంటారు?’ అని అడిగితే ‘ఏడుగురం బిడ్డా’ అంది తడుముకోకుండా, వేళ్లు చూపిస్తూ. టాబ్‌లో ఏడు పడింది.

మా ఇంట్లో ఉండేది ముగ్గురం. అమ్మ, నేను, నా భార్య. తమ్ముడు, మరదలు పదకొండేళ్లుగా పుణేలో ఉన్నారు. మా అబ్బాయి హైదరాబాదులో పని చేస్తున్నాడు, అమ్మాయి నాగపూర్‌లో ఆర్కిటెక్చర్ చదువుతోంది. అమ్మ అబద్ధం చెప్పలేదు. దసరాకు బియ్యం కొలిచేటప్పుడు వేసుకునే లెక్కే చెప్పింది. నేను అప్పుడు దుకాణంలో కందిపప్పు తూస్తున్నాను. కలగజేసుకునే లోపు వాళ్లు కుళాయి ఉందా, మరుగుదొడ్డి ఉందా అన్న దాకా వెళ్లిపోయారు. తర్వాత విషయం చెబితే ఆ అమ్మాయి ఇబ్బందిగా నవ్వి, ‘ఫారం వెనక్కి వెళ్లనివ్వడం లేదండీ’ అంది.

మా వీధిలో ఇంకెంతమంది అమ్మలు ఇలాగే చెప్పారో నాకు తెలియదు. ఆ ఏడులన్నీ కలిపి మా ఊరు పెరుగుతోందని ఎక్కడో ఒక నివేదిక తేల్చినా నేను ఆశ్చర్యపోను.

దుకాణం నడిపేవాడికి తరుగు అంటే ఏమిటో ఒకరు చెప్పనక్కర్లేదు. క్వింటాలు ఉల్లిగడ్డ దింపితే పది రోజులకు అది క్వింటాలు ఉండదు. బెల్లం కారుతుంది, చింతపండు ఎండుతుంది, బస్తా అడుగున కొంత పిండై పోతుంది. అందుకే ధర కట్టే నాడే తరుగు తీసి కడతాం. తరుగే లేదనుకుని లెక్క వేసినవాడు ఉగాది నాటికి షట్టర్ దించేస్తాడు. ఊళ్లకూ తరుగు ఉంటుంది. ‘కుంచించుకుపోతున్న నగరాలు’ అని మీరు రాస్తున్నారు. నేను తరుగుతున్న ఊళ్లు అంటాను. మా అమ్మాయి సెలవులకు తెచ్చే పుస్తకాలు తిరగేసి, తెలియనివి దాన్నే అడిగి నాలుగు ముక్కలు నేర్చుకున్నాను. ఈ లేఖలో బయటి దేశాల కబుర్లు దాని పుస్తకాలవి, కోపం నాది.

1. మా ఊరి లెక్కతో మొదలుపెడతాను. 2001 జనగణనలో బల్లార్‌పూర్ జనాభా 89,995. 2011లో 89,452. తగ్గింది 543 మంది, ఇదీ ఒక తగ్గుదలేనా అని మీరు అనవచ్చు. అదే పదేళ్లలో దేశంలో పట్టణ జనాభా దాదాపు 32 శాతం పెరిగింది. మహారాష్ట్ర మొత్తం మీద జనం 16 శాతం పెరిగారు. మా జిల్లా పెరుగుదలే 6 శాతం పైచిలుకు. ఇక్కడ పిల్లలు పుట్టడం ఎవరూ ఆపలేదు. జిల్లా లెక్కన పెరిగి ఉంటే ఆరు వేల పైన, రాష్ట్రం లెక్కన పెరిగి ఉంటే దాదాపు పదిహేను వేల మంది ఎక్కువ ఉండాలి. అంటే ఆ 543 వెనక కనీసం కొన్ని వేల మంది రైలెక్కి వెళ్లారన్న మాట. ఇది దుకాణదారు లెక్క, మోటుగానే ఉంటుంది. సరైన లెక్క వేయాల్సింది మీరు.

ఒక చిక్కు ఉందని ఒప్పుకుంటాను. మా వాళ్లలో కొందరు పురపాలక హద్దు దాటి పక్క గ్రామ పంచాయతీల్లో జాగా కొని ఇళ్లు కట్టుకున్నారు. వాళ్లు కాగితం మీద ఊరు విడిచారు, కూరగాయలకు మాత్రం మా బజారుకే వస్తారు. పుణే వెళ్లినవాడు, పక్క ఊరికి మారినవాడు ఒకే ఖాతాలో పడితే ఏ రోగానికి ఏ మందో తెలియదు. వేరు చేసి చూడమనే అడుగుతున్నాం.

ఈ లెక్కలూ పాతబడ్డాయి. 2021లో జరగాల్సిన జనగణన వాయిదా పడింది. 2027 మార్చి 1 నాటి జనాన్ని లెక్కించేలా నోటిఫికేషన్ వచ్చింది. ఇన్నేళ్లుగా నా దగ్గరున్న జనగణన నా ఖాతా పుస్తకమే. అరువు పెట్టిన ఇల్లు బాకీ తీర్చి వెళ్లిపోతే పేరు మీద ఎర్ర గీత గీసి, పక్కన తారీఖు రాస్తాను. వెనకటికి రెండు పుస్తకాలు సరిపోయేవి కావు. ఇప్పుడు ఒక్కటే ఉంది, అందులోనూ గీతలే ఎక్కువ. ఇంకో గుర్తు కూడా ఉంది. పలకలు, నోటు పుస్తకాలు పెట్టే అరలో ఇప్పుడు పెద్దవాళ్ల డయాపర్లు, మోకాళ్ల నొప్పులకు రాసే నూనె పెడుతున్నాను. అరను మార్చాలని నేను అనుకోలేదు. అడిగేవాళ్లు మారారు, సరుకు మారింది.

2. మా ఊరికి తరుగు కొత్త కాదు. ఒకప్పుడు ఇది గోండు రాజుల రాజధాని. వార్ధా నది ఒడ్డున కోట ఇప్పటికీ ఉంది. ఖాండ్క్యా బల్లాల్‌షా అనే రాజుకు ఒంటి నిండా కురుపులు లేచాయనీ, ఝర్పట్ నది మడుగులో నీళ్లతో మానాయనీ, రాణి చెప్పగా అక్కడే చంద్రపూర్ కోటకు పునాది వేశాడనీ కథ చెబుతారు. కథలో నిజమెంతో గాని, రాజధాని మాత్రం తరలిపోయింది. రాజు వెంట కొలువు పోతుంది, కొలువు వెంట అంగడి పోతుంది. ఆ రోజు నాలాంటి దుకాణదారు ఏం చేశాడో ఏ శాసనంలోనూ ఉండదు.

తర్వాత ఊరిని మళ్లీ నిలబెట్టినవి బొగ్గు, కాగితం, రైలు. పేపర్ మిల్లు కంపెనీ 1945 నాటిది. గనులు 1973లో జాతీయమయ్యాయి. మరుసటి ఏడు మా నాన్న కరీంనగర్ జిల్లా నుంచి ఒక ట్రంకు పెట్టెతో ఇక్కడ దిగాడు. ఆయన వెనక మేనమామలు, వాళ్ల వెనక ఊరివాళ్లు వచ్చారు. నది దాటితే రాజురా. 1956 దాకా ఆదిలాబాద్ జిల్లాలో ఉన్న తాలూకా అది. కాబట్టి మేము పరాయి చోటికి వచ్చామని నాన్న ఎన్నడూ అనుకోలేదు.

ఇక్కడ పరిశోధకులు తేలిగ్గా పొరపడే చోటు ఒకటి ఉంది. మా దగ్గర బొగ్గు అయిపోలేదు. మా జిల్లాలోనే వరోరా గని నిక్షేపాలు అయిపోయి వందేళ్ల కిందటే మూతపడింది. అది వేరు కథ. ఇప్పటి కథ చూడండి. ప్రభుత్వ బొగ్గు సంస్థ కోల్ ఇండియా 2001–02లో తవ్వింది దాదాపు 28 కోట్ల టన్నులు, 2023–24లో 77 కోట్ల టన్నులు. అదే కాలంలో ఉద్యోగులు ఐదు లక్షల పైనుంచి రెండు లక్షల ముప్పై వేల లోపుకు వచ్చారు. భూగర్భ గని పోయి నేల పైనుంచే తవ్వే ఓపెన్ కాస్ట్ వచ్చింది, తట్ట పోయి డంపర్ వచ్చింది. బొగ్గు లారీలు పెరిగాయి, దుమ్ము పెరిగింది, జీతం రోజున దుకాణానికి వచ్చే మనుషులు తగ్గారు. ఉత్పత్తి పట్టిక చూసేవాడికి మా ప్రాంతం వెలిగిపోతున్నట్టు కనిపిస్తుంది.

3. తాళం వేసిన ఇళ్లు. జనం పోయినంత మాత్రాన ఇళ్లు పోవు. మా వీధిలో నా దుకాణం ఎదురుగా ఒక ఇల్లు ఆరేళ్లుగా మూసి ఉంది. యజమాని మంచిర్యాలలో ఉంటాడు. మొదటి ఏడు వచ్చి సున్నం వేయించాడు. రెండో ఏడు వచ్చి తాళం మార్చాడు. తర్వాత రావడం మానేశాడు. మూడో వానాకాలం పిట్టగోడ పగుల్లో రావి మొక్క మొలిచింది. ఇప్పుడది నా నడుమంత ఉంది, వేరు పక్కింటి వంటగది గోడలోకి దూరింది. ఆ పక్కింట్లో ఒక ముసలమ్మ ఒక్కతే ఉంటుంది. పీకేద్దామంటే ఇల్లు మనది కాదు. చెబుదామంటే ఫోను నంబరు మారింది. పురపాలికకు అర్జీ పెడితే యజమానిని తీసుకురమ్మంటారు. పాములు, కుక్కలు, రాత్రిపూట తాగుబోతులు సరేసరి. ఖాళీ ఇంటివల్ల కలిగే నష్టాన్ని ఖాళీ చేసినవాడు భరించడు, ఉండిపోయినవాడు భరిస్తాడు. అద్దె ఇంటి ధర, ఫ్లాట్ ధర మీద ఎన్నో పరిశోధనలు ఉన్నాయి గాని, పక్కిల్లు ఖాళీ అయినందుకు ఒక ముసలమ్మ వంటగది గోడకు అయ్యే ఖర్చు మీద ఒక్కటైనా ఉందా?

4. నీళ్లు, మురుగు, డబ్బు. మా అమ్మాయి పాఠ్యపుస్తకంలో భవిష్యత్తు జనాభా అంచనా వేసే పద్ధతులు చదివాను. అంకగణిత పెరుగుదల పద్ధతి, గుణోత్తర పెరుగుదల పద్ధతి, పెరుగుదల మీద పెరుగుదల వేసే పద్ధతి. నాలుగోది పెరుగుదల రేటు తగ్గే పద్ధతి. అందులోనూ ఊరు పెరగడం మానదు, కాస్త నెమ్మదిస్తుంది. ‘తగ్గితే ఏం చేయాలి?’ అని అడిగాను. ‘నాన్నా, పరీక్షలో అది రాదు’ అంది.

ఆ అంచనా మీదే ముప్పై ఏళ్లకు సరిపడా ట్యాంకు, గొట్టాలు వేస్తారు. మనిషికి రోజుకు 135 లీటర్ల చొప్పున కడతారు. అంచనా వేసిన మనుషులు రాకపోతే? తూర్పు జర్మనీ పట్టణాల్లో సగం జనం ఖాళీ చేసిన పేటల్లో లావు గొట్టాల నిండా నీళ్లు నిలవ ఉండిపోయాయి, మురుగు కదలక అడ్డుపడింది. గొట్టాలు కడగడానికే మంచినీళ్లు వదలాల్సి వచ్చింది. మన దగ్గర అంతదూరం కూడా పోనక్కర్లేదు. పంపు నడిపే కరెంటు బిల్లు, గొట్టం అతికే కూలి, వీధి దీపాల తీగ పొడవు, చెత్త బండి తిరిగే దూరం, ఇవేవీ జనంతో పాటు తగ్గవు. పన్ను కట్టేవాళ్లు తగ్గుతారు. పైనుంచి వచ్చే డబ్బు కూడా తలల లెక్కనే వస్తుంది. 15వ ఆర్థిక సంఘం స్థానిక సంస్థల నిధులను రాష్ట్రాల మధ్య పంచడానికి 90 శాతం బరువు జనాభాకు, 10 శాతం విస్తీర్ణానికి ఇచ్చింది. పెరిగే ఊరికి అది న్యాయంగానే ఉంటుంది. తరిగే ఊరి మీద ఇదే సూత్రం పడితే ఖర్చు నిలబడి ఉంటుంది, రాబడి కింద కూర్చుంటుంది.

అప్పుడు ముందుగా ఆగేది మరమ్మతు. కొత్త పనికి శంకుస్థాపన ఉంటుంది, ఫొటో ఉంటుంది. పాత కల్వర్టుకు రెండు బస్తాల సిమెంటు వేస్తే ఎవరు కొబ్బరికాయ కొడతారు? మా ఊరి బల్లార్‌షా స్టేషన్ గోడల మీద మా జిల్లా తాడోబా అడవి పులుల బొమ్మలు ఎంత ముచ్చటగా ఉంటాయో చెప్పలేను. 2018లో చంద్రపూర్‌తో కలిసి రైల్వే శాఖ సుందరీకరణ పోటీలో మొదటి బహుమతి వచ్చింది. ఊరంతా సంతోషించాం. 2022 నవంబరులో అదే స్టేషన్‌లో పాదచారుల వంతెన స్లాబు విరిగి పట్టాల మీద పడింది, ఒకరు చనిపోయారు. దాని కారణాలు విచారించేవాళ్లు వేరే ఉన్నారు, నేను ఎవరినీ తప్పుపట్టడం లేదు. ఆ రెండూ ఒకే స్టేషన్‌లో జరిగాయన్నది మాత్రం మరిచిపోలేకపోతున్నాను.

5. బడులు, బస్సులు, డాక్టర్లు. ఇది అందరికీ తెలిసిందే, ఎక్కువ చెప్పను. పిల్లలు తగ్గితే తరగతులు కలుపుతారు, ఎక్కేవాళ్లు తగ్గితే సాయంత్రం బస్సు తీసేస్తారు. బస్సు తీసేశాక మిగిలినవాళ్లూ వెళ్లిపోతారు. ‘చూశారా, జనమే లేరు’ అని అప్పుడు రాస్తారు.

6. మిగిలిపోయినవాళ్లు, వాళ్ల భాష. వెళ్లేవాళ్లు పాతికేళ్లవాళ్లు, మిగిలేవాళ్లు అరవై దాటినవాళ్లు. బతుకమ్మ పేర్చే చేతుల్లో ఇప్పుడు గాజులకంటే నరాలే ఎక్కువ కనిపిస్తాయి. పాట ఎత్తుకునేవాళ్లు ఉన్నారు, అందుకునేవాళ్లు తక్కువ. గని ఉద్యోగం కోసం వచ్చిన తెలుగు, తమిళ, ఉత్తరాది కుటుంబాలకు ఇక్కడ పొలం లేదు, తాత ముత్తాతల ఇల్లు లేదు. ఉద్యోగం పోతే నిలబెట్టేది ఏదీ లేదు. అక్కడ సొంత ఊళ్లో వాటా అన్నదమ్ములు పంచేసుకున్నారు. ఇలాంటివాళ్లు తరుగుతున్న ఊళ్లో ఎలా ముసలివాళ్లవుతున్నారో తెలుసుకోవాలంటే వాళ్ల భాషలో అడగాలి. మా ఇంటి టాబ్‌లో ఏడు ఎలా పడిందో పైన చెప్పాను.

ఇక మీ విద్య సంగతికి వస్తాను.

ప్రపంచంలో ఈ పరిశోధన లేదని కాదు. కాలిఫోర్నియాలోని బర్కిలీలో 2004లో ఈ విషయం మీద పరిశోధకుల అంతర్జాతీయ బృందం ఒకటి ఏర్పడింది. కనీసం పది వేల జనాభా ఉండి, రెండేళ్లకు మించి చాలా భాగంలో జనాన్ని కోల్పోతూ, బతుకుదెరువు మార్పుల్లో నలుగుతున్న పట్టణం తరుగుతున్నట్టు లెక్క అని వాళ్ల నిర్వచనం. మా ఊరు దానికి అతికినట్టు సరిపోతుంది. అమెరికాలోని డెట్రాయిట్ జనం 1950లో 18 లక్షల పైన, 2020లో 6.4 లక్షల లోపు. దాని మీద వచ్చిన పుస్తకాలు ఒక గది నింపుతాయి. జర్మనీలోని లైప్‌జిగ్ మీదా అంతే. 1990 తర్వాత జనం వెళ్లిపోయి 1998 నాటికి నాలుగు లక్షల నలభై వేల లోపుకు పడిపోయిన ఊరు అది. అక్కడ ఖాళీ భవనాలను కాపలా ఇళ్లుగా మార్చారు. అద్దె లేకుండా ఉండు, బదులుగా కప్పు కారకుండా చూసుకో అన్నది ఒప్పందం. ఖాళీ జాగా యజమానికి పన్ను మినహాయించి, కొన్నేళ్లు దాన్ని అందరి తోటగా వాడుకున్నారు. తర్వాత ఊరు మళ్లీ పెరిగింది, ఇప్పుడు ఆరు లక్షలు దాటింది. అమెరికాలో యంగ్స్‌టౌన్ అనే ఉక్కు పట్టణం 2005లో ‘మాది చిన్న ఊరే’ అని తన ప్రణాళికలో రాసుకుంది. జనాన్ని ఖాళీ పేటల నుంచి కదిలించడం మాత్రం వాళ్లకు అంతగా చేతకాలేదు. ఎవరి గడప వాళ్లకు ముద్దు, ఎక్కడైనా.

నాకు దగ్గరగా తోచింది జపాన్‌లోని యూబారి. బొగ్గు ఊరు. 1960లో దాదాపు లక్షా పదిహేడు వేల మంది. 1990లో చివరి గని మూసేశారు. పర్యాటకం పెంచితే జనం తిరిగి వస్తారని పురపాలిక వినోద కేంద్రాలకు అప్పు మీద అప్పు చేసి, 2007లో దివాలా తీసింది. ఇప్పుడు అక్కడ పది వేల మంది కూడా లేరు. ప్రాథమిక బడులన్నీ కలిపి ఒక్కటయ్యాయి. సగం ఖాళీగా ఉన్న క్వార్టర్లలో చెల్లాచెదురుగా ఉన్నవాళ్లను నచ్చజెప్పి కొన్ని బ్లాకుల్లోకి చేర్చారు. తరుగును ఒప్పుకోవడానికి ఇరవై ఏళ్లు ఆలస్యం చేస్తే ఎంత ఖర్చవుతుందో ఆ ఊరు చూపిస్తోంది.

మన దేశంలో? బెంగళూరు ఎలా ఉబ్బుతోందో చెప్పే వ్యాసాలు కొల్లలు. 2001 ఫిబ్రవరి 28న కోలారు బంగారు గనులు మూతపడ్డాక, తెల్లవారుజామున రైళ్లలో బెంగళూరుకు కూలికి వెళ్లి రాత్రికి తిరిగి వచ్చే ఆ ఊరి జనం మీద ఉన్నవి వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. మా రైలు మార్గమే తీసుకోండి. బల్లార్‌షా నుంచి కాజీపేట వైపు వెళ్తే మొదట కాగజ్‌నగర్. అక్కడ పేపర్ మిల్లు 2014లో ఆగి 2018లో తిరిగి మొదలైంది. ఆ మధ్యలో ఊరు ఎలా బతికింది? తర్వాత బెల్లంపల్లి. సింగరేణిలో 1990ల మొదట్లో లక్ష పైచిలుకు ఉన్న కార్మికులు ఇప్పుడు నలభై వేల చుట్టూ ఉన్నారు. బెల్లంపల్లిలోనూ 2001, 2011 మధ్య జనం తగ్గారు. ఒకే బొగ్గు, ఒకే పట్టాలు, ఒకే రకం కుటుంబాలు, చాలాసార్లు ఒకే ఇంటిపేర్లు. మహారాష్ట్ర పరిశోధన మా దగ్గర ఆగిపోతుంది. తెలంగాణ పరిశోధన అవతల ఒడ్డున ఆగిపోతుంది. రైలు ఒక్కటే ఆగకుండా పోతుంది. వార్ధా కూడా ఆగదు, వైన్‌గంగతో కలిసి ప్రాణహిత అయి కాళేశ్వరం దగ్గర గోదావరిని చేరుతుంది.

ఒక భయం కూడా చెప్పాలి. 1976లో న్యూయార్క్‌లో రోజర్ స్టార్ అనే గృహ నిర్మాణ అధికారి, జనం తగ్గుతున్న పేద పేటల్లో సేవలు తగ్గించుకుంటూ పోదామన్నాడు. దానికి ‘ప్రణాళికాబద్ధమైన కుదింపు’ అని పేరు. అలాంటి పేర్లు మన దగ్గరికి వస్తే ముందుగా ఎవరి కుళాయి ఆగుతుందో నాకు తెలుసు. గని పక్క బస్తీలది. కాబట్టి మా ఊరిని ‘తరుగుతున్న ఊరు’ అని రాయమంటున్నది ఖాళీ చేయించడానికి కాదని స్పష్టంగా చెబుతున్నాను. ఉన్నవాళ్లకు సరిపడా బాగు చేయమని అడుగుతున్నాం.

మా కోరికలు ఇవి. మా వీధివాళ్లతో, గుడి కమిటీ పెద్దలతో, గనిలో రిటైరైన నలుగురితో కూర్చుని రాసుకున్నవి.

ఒకటి. మా ఊరిలో సర్వే చేస్తే ప్రశ్నలు మరాఠీ, తెలుగు, హిందీ మూడింటిలోనూ ఉండాలి. ‘ఇంట్లో ఎంతమంది?’ అని అడిగి ఊరుకోకండి. పోయిన నెలలో ఈ ఇంట్లో ఎంతమంది, ఎన్ని రాత్రులు పడుకున్నారని అడగండి. వెళ్లినవాళ్లు ఎక్కడికి వెళ్లారు, ఎందుకు వెళ్లారు, డబ్బు పంపుతున్నారా, తిరిగి వస్తారా, ఇవి కూడా రాయండి.

రెండు. తీసుకెళ్లిన జవాబుల ఫలితం తిరిగి తెచ్చి చెప్పండి. రెండు వందల పేజీల నివేదిక మాకు వద్దు. నాలుగు పేజీలు చాలు, మాకు అర్థమయ్యే భాషలో. గుడి మండపంలో కూర్చుని చదివి వినిపించండి. తప్పులుంటే అక్కడే చెబుతాం. మా దగ్గర నుంచి తీసుకున్న గంటకు ఇది మీరు తిరిగి ఇవ్వాల్సిన బాకీ. దుకాణదారుణ్ని, బాకీల విషయంలో నేను కొంచెం కచ్చితంగా ఉంటాను.

మూడు. మహారాష్ట్ర ప్రాంతీయ, పట్టణ ప్రణాళికా చట్టం 1966 ప్రకారం అభివృద్ధి ప్రణాళికను ఇరవై ఏళ్లకు ఒకసారైనా సవరించాలి. జనం తగ్గిన ఊళ్లకు సవరించే ప్రతిసారీ రెండు అంచనాలు పక్కపక్కనే చూపించమని అధికారులను కోరుతున్నాం. జనం పెరిగితే ఒకటి, తగ్గితే ఒకటి. రెండోదాంట్లో కొత్త రోడ్లకంటే ముందు పాత గొట్టాలు, కల్వర్టులు, మురుగు కాలువల మరమ్మతు పద్దు ఉండాలి. నిధులు పంచే సూత్రంలో రోడ్ల పొడవుకు, వృద్ధుల సంఖ్యకు కూడా కొంత బరువు ఇవ్వాలని రాష్ట్ర ఆర్థిక సంఘానికి మీ పరిశోధన ద్వారా చెప్పండి. మేము చెబితే వినరు, మీరు పట్టికలు వేసి చెబితే వింటారు.

నాలుగు. గని మూసేటప్పుడు మూసివేత ప్రణాళిక ఉండాలని, దానికి డబ్బు ముందే వేరే ఖాతాలో జమ చేయాలని 2009 నుంచి మార్గదర్శకాలు ఉన్నాయి. గొయ్యి పూడ్చడానికి, చెట్లు నాటడానికి అందులో లెక్క ఉంది. గని మీద బతికిన ఊరికి సరిపడా లెక్క ఎక్కడుంది? గని మూసివేత ప్రణాళికను, పట్టణ ప్రణాళికను ఒకే బల్ల మీద పెట్టి చదివే పరిశోధన ఒక్కటి చేయండి.

ఐదు. ఖాళీ ఇళ్ల జాబితా వార్డులవారీగా తయారు కావాలి. యజమాని దూరంగా ఉంటే, ఇంటిని చూసుకునే ఇరుగుపొరుగుకు తాత్కాలికంగా వాడుకునే హక్కు, యజమానికి పన్నులో కొంత మినహాయింపు. లైప్‌జిగ్‌లో చేసింది ఇక్కడ యథాతథంగా పనికి రాకపోవచ్చు. ఒక్క వీధిలో చేసి చూడండి. మా వీధి సిద్ధం. రావి చెట్టుతో మొదలుపెడదాం.

ఆరు. బల్లార్‌పూర్, కాగజ్‌నగర్, బెల్లంపల్లి మూడింటినీ కలిపి, రాష్ట్రాల గీత చూడకుండా, రెండు వైపుల విశ్వవిద్యాలయాలు కలిసి ఒకే అధ్యయనం చేయాలి. పొద్దున రైలెక్కితే సాయంత్రం లోపు మూడు ఊళ్లూ చూసి రావచ్చు. విమానం ఖర్చు కూడా లేదు.

వచ్చే జనగణన లోపు ఈ మొదటి రెండు కోరికలైనా నెరవేర్చమని అడుగుతున్నాం. వాటికి ప్రభుత్వ ఉత్తర్వు అక్కర్లేదు, మీ శాఖాధిపతి సంతకం చాలు. ఈ లేఖను మా జిల్లాలో పరిశోధనకు అనుమతి ఇచ్చే కార్యాలయాలకు కూడా పంపుతున్నాను. మూడు నెలల్లో జవాబు రాకపోతే మా వార్డులో ఇంటింటి లెక్క మేమే తీస్తాం. గనిలో కార్మికుల పని చూసే ఓవర్‌మన్‌గా రిటైరైన ఒకాయన, మా అమ్మాయి, వాళ్ల క్లాసు పిల్లలు కొందరు ఇప్పటికే ఒప్పుకున్నారు. మీరు వస్తే ఆ పుస్తకం చూపిస్తాం, తప్పులు దిద్దవచ్చు.

వచ్చినప్పుడు మా ఇంటికి కూడా రండి. అమ్మకు ఆ అమ్మాయి గుర్తుంది, మళ్లీ రాలేదేమని అడుగుతుంటుంది. ఈసారి ఎంతమంది ఉంటారని అడగవద్దని చెప్పండి. రాత్రి ఎన్ని కంచాలు పెడుతున్నావమ్మా అని అడగమనండి. సరైన లెక్కే చెబుతుంది.

ఇట్లు,
ఒక కిరాణా దుకాణదారు,
బల్లార్‌పూర్, చంద్రపూర్ జిల్లా